వీఎం సీపీయూ లెక్క: లోపలి మాట, బయటి మాట

ఒక వర్చువల్ మెషిన్‌లో (వీఎం, అంటే అసలు సర్వర్ మీద సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్‌లో) అప్లికేషన్ నెమ్మదిగా నడుస్తోందని ఫిర్యాదు వస్తుంది. వీఎం లోపల, సీపీయూ వాడకాన్ని చూపించే టాప్ కమాండ్ కొట్టి చూసినవాళ్లకు సీపీయూ నూటికి నూరు శాతం కనిపిస్తుంది. హోస్ట్ (వీఎంను మోసే అసలు మెషిన్) వైపు నుంచి చూసే అడ్మిన్‌కు అదే వీఎం 60 శాతం దగ్గర కనిపిస్తుంది. "ఇంకా 40 శాతం ఖాళీగానే ఉంది కదా" అని ఆయన అంటారు. "సీపీయూ చాలడం లేదు, ఇంకో రెండు కోర్లు ఇవ్వండి" అని వీళ్లంటారు. టికెట్ అటూ ఇటూ తిరుగుతుంది, అందరికీ టెన్షన్. నిజానికి ఇద్దరూ చూసిన అంకెలు సరైనవే. అవి రెండు వేరువేరు ప్రశ్నలకు జవాబులు.

ఈ అంకెలను ప్రోగ్రామ్‌తో తీసుకునేటప్పుడు ఏది దేనికి జవాబో తెలుసుకోవడం చాలా అవసరం. కమాండ్ కొట్టి చూసే మనిషి ఒకసారి తప్పు చదివితే ఒకసారే తప్పు జరుగుతుంది. స్క్రిప్టులో అదే తప్పు రాస్తే వందల వీఎంల మీద, ప్రతి పది సెకన్లకూ, ఏళ్ల తరబడి జరుగుతూనే ఉంటుంది. దాని మీద గ్రాఫులు గీస్తారు, ఆ గ్రాఫులు చూసి సర్వర్లు కొంటారు.

ఉదాహరణకు లినక్స్‌లో వీఎంలను నడిపే కేవీఎం, దాన్ని నడిపించే లిబ్‌వర్ట్ లైబ్రరీని తీసుకుందాం. లిబ్‌వర్ట్ 2005లో మొదలైంది. కేవీఎం 2007లో లినక్స్ 2.6.20తో పాటు కెర్నల్‌లోకి వచ్చింది. క్లౌడ్‌లు నడిపే ఓపెన్‌స్టాక్ నుంచి డెస్క్‌టాప్ మీద వాడే వర్ట్ మేనేజర్ దాకా ఎన్నో సాధనాలు కేవీఎం దగ్గరికి లిబ్‌వర్ట్ ద్వారానే వెళ్తాయి. అందుకే ఇక్కడ నేర్చుకున్న సంగతి చాలా చోట్ల పనికొస్తుంది.

మీటర్ రీడింగు

లిబ్‌వర్ట్‌ను పైథాన్ నుంచి వాడటం సులువు. ఓపెన్‌రీడ్‌ఓన్లీ ఫంక్షన్‌తో హోస్ట్‌కు కనెక్షన్ తెరవాలి. లుకప్‌బైనేమ్‌తో వీఎంను పట్టుకోవాలి. లిబ్‌వర్ట్ భాషలో వీఎంను డొమైన్ అంటారు. దాని మీద ఇన్ఫో అనే మెథడ్‌ను పిలిస్తే ఐదు విలువలు వస్తాయి: స్థితి, గరిష్ఠ మెమరీ, ప్రస్తుత మెమరీ, వీసీపీయూల (వీఎంకు ఇచ్చిన వర్చువల్ సీపీయూల) సంఖ్య, సీపీయూ సమయం.

కనెక్షన్ గురించి ఒక మాట. మామూలు ఓపెన్ ఫంక్షన్‌తో తెరిచినా ఈ అంకెలు వస్తాయి. కానీ ఆ కనెక్షన్‌కు వీఎంను ఆపేసే అధికారం కూడా ఉంటుంది. అంకెలు చదివే స్క్రిప్టుకు ఆ అధికారం ఎందుకు? చదవడానికి మాత్రమే పనికొచ్చే కనెక్షన్ వాడితే, స్క్రిప్టులో ఎంత పెద్ద పొరపాటు ఉన్నా ఎవరి మెషినూ ఆగిపోదు.

ఆ ఐదింటిలో చివరిదాన్ని మొదటిసారి చూసినవాళ్లు కాస్త తికమకపడతారు. శాతం వస్తుందనుకుంటే లక్షల కోట్లలో ఒక సంఖ్య వస్తుంది. అది నానోసెకన్లలో ఉంటుంది. సెకనుకు 100 కోట్ల నానోసెకన్లు. ఈ వీఎంను నడిపే ప్రాసెస్ పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా హోస్ట్ సీపీయూల మీద మొత్తం ఎంతసేపు నడిచిందో ఆ సంఖ్య చెబుతుంది. ఇంటి గోడ మీది కరెంటు మీటరు లాంటిది. మీటరులో 14,230 అని ఉంటే ఈ నెల ఎంత కాలిందో తెలియదు. పోయిన నెల రీడింగు తీసేస్తేనే బిల్లు వస్తుంది.

ఇక్కడా అంతే. రెండు సార్లు చదవాలి, తేడా తీయాలి, మధ్యలో గడిచిన సమయంతో భాగించాలి. రెండు వీసీపీయూలున్న వీఎంను 10 సెకన్ల తేడాతో రెండు సార్లు చదివాం, సీపీయూ సమయం 1,300 కోట్ల నానోసెకన్లు పెరిగింది అనుకుందాం. అంటే 13 సెకన్లు. రెండు వీసీపీయూలు 10 సెకన్లలో గరిష్ఠంగా 20 సెకన్ల పని చేయగలవు. 13ను 20తో భాగిస్తే 65 శాతం. లెక్క ఇంతే. కానీ ఈ చిన్న భాగహారంలో ప్రతి భాగమూ చేయి జారేదే.

మొదట గడిచిన సమయం. స్క్రిప్టులో 10 సెకన్ల స్లీప్ పెట్టాం కాబట్టి 10 సెకన్లే గడిచాయనుకోవడం తప్పు. రెండో పిలుపు ఆలస్యంగా తిరిగి రావచ్చు, స్క్రిప్టు నడిచే మెషినే బిజీగా ఉండవచ్చు. నిజంగా 11 సెకన్లు గడిస్తే 10తో భాగించిన జవాబు పది శాతం ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి ప్రతి రీడింగుతో పాటు గడియారాన్నీ చదవాలి. అదీ మామూలు గడియారం కాదు, ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా టైము సరిచేసే ఏర్పాటు) ఒక్కసారిగా వెనక్కి ముందుకి గెంతించని మోనోటానిక్ గడియారం. పైథాన్‌లో అది సిద్ధంగానే ఉంది.

తర్వాత కౌంటర్ మళ్లీ సున్నా నుంచి మొదలయ్యే సందర్భం. ఒక సీపీయూ ఆగకుండా నడిచినా 64 బిట్ల నానోసెకన్ల కౌంటర్ నిండిపోవాలంటే దాదాపు 584 సంవత్సరాలు పడుతుంది, ఆ భయం అక్కర్లేదు. వీఎంను ఆపి మళ్లీ మొదలుపెడితే మాత్రం కొత్త ప్రాసెస్ పుడుతుంది, కౌంటర్ సున్నాకు వస్తుంది. లైవ్ మైగ్రేషన్‌లో వీఎం ఆగకుండానే ఇంకో హోస్ట్‌కు వెళ్లినా అక్కడ నడిచేది కొత్త ప్రాసెసే. వీఎం లోపలివాళ్లకు ఏమీ తెలియదు, దాని గుర్తింపు సంఖ్య యూయూఐడీ కూడా మారదు, బయట మీటరు మాత్రం కొత్తది. పాత రీడింగును కొత్తదానిలోంచి తీసేస్తే మైనస్ వస్తుంది. మైనస్ వచ్చిన ప్రతిసారీ ఆ ఒక్క రీడింగును వదిలేసి, కొత్తదాన్ని మొదటి రీడింగుగా తీసుకోవడమే సరైన పని. కొందరు మైనస్‌ను సున్నాగా మార్చి రాస్తారు. అప్పుడు గ్రాఫులో వీఎం ఖాళీగా ఉన్నట్టు ఒక అబద్ధపు గుంట పడుతుంది. రీడింగు లేకపోవడాన్ని లేకపోవడంగానే చూపించాలి.

ఇంకొకటి ఎక్కువమంది గమనించనిది. విలువ నానోసెకన్లలో ఉంది కాబట్టి కొలత కూడా అంత సూక్ష్మమైనదే అనుకుంటాం. ఇన్ఫో ఇచ్చే సీపీయూ సమయాన్ని లిబ్‌వర్ట్ ప్రాక్ ఫైల్ సిస్టమ్‌లో (కెర్నల్ తన లెక్కలను ఫైళ్లుగా చూపించే చోట) ఆ ప్రాసెస్‌కు ఉన్న స్టాట్ ఫైల్ నుంచి తీస్తుంది. అక్కడ సమయం టిక్కులలో ఉంటుంది, సెకనుకు సాధారణంగా 100 టిక్కులు. అంటే ఒక్కో మెట్టు 10 మిల్లీసెకన్లు. లిబ్‌వర్ట్ దాన్ని నానోసెకన్లలోకి మార్చి ఇస్తుందంతే, చివరన అన్నీ సున్నాలే. 10 సెకన్లకోసారి చదివితే ఈ మెట్టు వల్ల నష్టం లేదు. స్క్రిప్టు చురుగ్గా ఉండాలని సెకనుకు పది సార్లు చదివితే మాత్రం, ఒక్క టిక్కు అటూ ఇటూ అయినా ఒక వీసీపీయూ మీద 10 శాతం ఎగుడుదిగుడు కనిపిస్తుంది. అది వీఎం చేసింది కాదు, కొలబద్ద చేసింది.

ఎవరి యూజర్ సమయం, ఏ సీపీయూ

మరింత వివరం కావాలంటే గెట్‌సీపీయూస్టాట్స్ ఉంది. ట్రూ అని ఇస్తే మొత్తం మీద సీపీయూ సమయం, యూజర్ సమయం, సిస్టమ్ సమయం వస్తాయి. ఫాల్స్ అని ఇస్తే సీపీయూల వారీగా వస్తాయి. ఇక్కడ రెండు పెద్ద అపార్థాలున్నాయి.

ఒకటి, ఫాల్స్ ఇచ్చినప్పుడు వచ్చే జాబితా వీసీపీయూలది కాదు, హోస్ట్‌లోని భౌతిక సీపీయూలది. నాలుగు వీసీపీయూల వీఎంను అడిగితే 64 వరుసలు రావడం చూసి ఏదో బగ్ అనుకుంటారు. ఆ హోస్ట్‌లో 64 లాజికల్ సీపీయూలున్నాయి, ఈ వీఎం వాటిలో ఒక్కోదాని మీద ఎంతసేపు నడిచిందో ఆ వరుసలు చెబుతున్నాయి. వీఎంను కొన్ని కోర్లకు పిన్ చేసినప్పుడు (వాటి మీదే నడవాలని కట్టేసినప్పుడు) అది నిజంగా అక్కడే నడుస్తోందా అని సరిచూసుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. వీసీపీయూల వారీ లెక్క కావాలంటే వీసీపీయూస్ అనే వేరే మెథడ్‌ను పిలవాలి. అది ప్రతి వీసీపీయూకూ దాని సమయంతో పాటు, ప్రస్తుతం ఏ భౌతిక సీపీయూ మీద ఉందో కూడా చెబుతుంది.

పెద్ద హోస్ట్‌ల విషయంలో సీ భాషలో నేరుగా రాసేవాళ్లకు ఒక హద్దు ఉంది. నెట్‌వర్క్ మీదుగా అడిగేటప్పుడు ఒక్క పిలుపులో 128 సీపీయూలకు మించి అడగకూడదు, ముక్కలుగా అడగాలి. ఇక కొత్త లినక్స్ డిస్ట్రోలు వాడే సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపుల వాడకాన్ని లెక్కించే కెర్నల్ ఏర్పాటు) రెండో వెర్షన్‌లో, మొదటి వెర్షన్‌లో ఉన్నట్టు సీపీయూల వారీ వాడకాన్ని చెప్పే ఫైలే లేదు, మొత్తం లెక్క మాత్రమే ఉంది. కాబట్టి భౌతిక సీపీయూల వారీ లెక్క మీద ఆధారపడి కొత్తగా ఏదీ కట్టకపోవడం మంచిది.

రెండో అపార్థం ఇంకా లోతైనది. యూజర్ సమయం, సిస్టమ్ సమయం అనే పేర్లు చూసి, వీఎం లోపల అప్లికేషన్లు వాడింది యూజర్, వీఎం కెర్నల్ వాడింది సిస్టమ్ అనుకుంటారు. అలా కాదు. ఈ మాటలు హోస్ట్ దృష్టిలోనివి. గెస్ట్ (వీఎం లోపలి సిస్టమ్) కోడ్ నడిచినంతసేపూ, అది గెస్ట్‌లోని డేటాబేస్ అయినా గెస్ట్‌లోని కెర్నల్ అయినా, హోస్ట్ దాన్ని యూజర్ ఖాతాలోనే వేస్తుంది. సిస్టమ్ ఖాతాలో పడేది ఈ వీఎం కోసం హోస్ట్ కెర్నల్ చేసిన చాకిరీ: గెస్ట్ నుంచి బయటికి వచ్చిన ప్రతిసారీ కేవీఎం చేసే పని, డిస్క్, నెట్‌వర్క్ పనులు. సిస్టమ్ సమయం బాగా పెరిగితే వీఎం లోపల కెర్నల్‌ను తిట్టుకుని లాభం లేదు. వర్చువలైజేషన్ ఖర్చు ఎక్కడ అవుతోందో హోస్ట్ వైపు వెతకాలి.

ఇదే కారణంతో ఒక్కోసారి శాతం వంద దాటుతుంది. వీఎం అంటే వీసీపీయూ థ్రెడ్లు మాత్రమే కాదు. హోస్ట్‌లో వీఎంను నడిపే క్యూఈఎంయూ ప్రాసెస్‌లో పరికరాలను నటించే థ్రెడ్లు, డిస్క్ పనికి పెట్టుకున్న ఐఓ థ్రెడ్లు కూడా ఉంటాయి. వాటి సమయమూ మొత్తంలో కలుస్తుంది, మనం భాగించేది మాత్రం వీసీపీయూల సంఖ్యతోనే. వంద దాటినదాన్ని వందకు కత్తిరించి గ్రాఫు అందంగా చేయడం కన్నా, వీసీపీయూల సమయం ఒక గీతగా, మిగతాది ఇంకో గీతగా చూపించడం ఎంతో మేలు. ఆ రెండో గీతే చాలాసార్లు అసలు సంగతి చెబుతుంది.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. లోపల వీఎం దాదాపు ఖాళీ, బయట మాత్రం వాడకం కనిపిస్తుంది. గెస్ట్ పని లేక నిద్రపోదామనుకున్నప్పుడు కేవీఎం దాన్ని వెంటనే పడుకోనివ్వదు. కాసేపట్లో మళ్లీ పని వస్తుందేమోనని ఆ భౌతిక సీపీయూ మీద ఊరికే తిరుగుతూ చూస్తుంది. దీన్ని హాల్ట్ పోలింగ్ అంటారు. ఎక్స్86 మీద దీని గరిష్ఠ హద్దు మామూలుగా 2,00,000 నానోసెకన్లు, అంటే సెకనులో అయిదు వేలో వంతు. చిన్న చిన్న పనులు ఎడతెగకుండా వచ్చే వీఎంలో ఈ ముక్కలన్నీ కలిసి హోస్ట్ లెక్కలో కనిపించేంత అవుతాయి, గెస్ట్ లెక్కలో మాత్రం అదంతా ఖాళీ సమయమే.

క్యూలో గడిపిన సమయం

ఇప్పుడు మొదటి గొడవ దగ్గరికి వద్దాం. లోపల వంద, బయట అరవై. మధ్యలో ఆ నలభై ఎక్కడికి పోయింది?

వీసీపీయూ అనేది హోస్ట్ దృష్టిలో ఒక మామూలు థ్రెడ్. దానికి పని ఉన్నంత మాత్రాన సీపీయూ దొరకదు. హోస్ట్ షెడ్యూలర్ దగ్గర వరుసలో నిలబడాలి. 32 కోర్ల హోస్ట్ మీద మొత్తం 100 వీసీపీయూలున్న వీఎంలను పెట్టడం సర్వసాధారణం, ఎందుకంటే అన్నీ ఒకేసారి పని చేయవు. ఒకేసారి చేసిన రోజున క్యూ పెరుగుతుంది. రేషన్ షాపు ముందు నిలబడ్డ మనిషి పూట గడిచిపోయింది అంటాడు. షాపులో రికార్డు చూస్తే ఆయనకు బియ్యం తూచడానికి రెండు నిమిషాలే పట్టింది. రెండూ నిజమే.

ఒక వీసీపీయూ ఉన్న వీఎం 10 సెకన్లలో 6 సెకన్లు నడిచి, 4 సెకన్లు వరుసలో నిలబడిందనుకుందాం. ఇన్ఫో ఇచ్చే సీపీయూ సమయం 6 సెకన్లే పెరుగుతుంది, బయట 60 శాతం. లోపల గెస్ట్‌కు తన పని ఎక్కడా ఆగినట్టు అనిపించదు, గడియారం మాత్రం 10 సెకన్లు ముందుకెళ్లింది, పని ఇంకా అయిపోలేదు. నిరీక్షణ గురించి దానికి ఎవరూ చెప్పకపోతే ఆ 10 సెకన్లూ తానే పని చేశానని రాసుకుంటుంది. అందుకే లోపల 100.

లినక్స్ గెస్ట్‌కు కేవీఎం ఈ సంగతి చెప్పే ఏర్పాటు ఉంది. స్టీల్ టైమ్ అని దాని పేరు, టాప్ కమాండ్‌లో ఎస్‌టీ అనే అక్షరాలతో కనిపిస్తుంది, ప్రాక్‌లోని స్టాట్ ఫైల్‌లో సీపీయూ వరుసలో ఎనిమిదో అంకె అదే. అది పని చేస్తుంటే పై ఉదాహరణలో లోపల యూజర్ 60, స్టీల్ 40 అని కనిపిస్తాయి. కానీ చాలా మానిటరింగ్ ఏజెంట్లు "సీపీయూ వాడకం"ను 100లోంచి ఐడిల్ (ఖాళీ సమయం) తీసేసి లెక్కకడతాయి. స్టీల్ కూడా అందులో కలిసిపోయి మళ్లీ వంద అవుతుంది. సమాచారం ఉండీ చేజారిపోయినట్టే.

బయటి నుంచి ఈ నిరీక్షణను చదవడానికి లిబ్‌వర్ట్‌లో దారి ఉంది. అన్ని డొమైన్ల గణాంకాలనూ ఒకే పిలుపులో ఇచ్చే గెట్‌ఆల్‌డొమైన్‌స్టాట్స్ అనే మెథడ్, లేదా టెర్మినల్‌లో అయితే విర్ష్ డొమ్‌స్టాట్స్. కొత్త వెర్షన్లలో ప్రతి వీసీపీయూకూ టైమ్‌తో పాటు డిలే అనే విలువ కూడా వస్తుంది. ఆ థ్రెడ్ నడవడానికి సిద్ధంగా ఉండి కూడా వరుసలో గడిపిన సమయం అది, అదీ నానోసెకన్లలో పెరుగుతూ పోయే మీటరే. లిబ్‌వర్ట్ పాతదైతే హోస్ట్‌లో నేరుగా చదవవచ్చు: క్యూఈఎంయూ ప్రాసెస్‌లో "సీపీయూ 0/కేవీఎం" లాంటి పేరున్న థ్రెడ్లే వీసీపీయూలు. ఒక్కో థ్రెడ్‌కూ షెడ్‌స్టాట్ అనే ఫైల్‌లో మూడు అంకెలుంటాయి. మొదటిది నడిచిన సమయం, రెండోది వరుసలో నిలబడ్డ సమయం. ఇక్కడ టిక్కుల మెట్లు కూడా లేవు, నిజమైన నానోసెకన్లే.

వీఎం సీపీయూ గణాంకాల్లో ఒక్కటే అంకె తీసుకునే వీలుంటే ఈ నిరీక్షణనే తీసుకోవాలి. వాడకం 95 శాతం, నిరీక్షణ సున్నా అయితే ఆ వీఎం డబ్బుకు తగ్గ పని చేస్తోంది, కోర్లు పెంచితే నిజంగా లాభం ఉండవచ్చు. వాడకం 60, నిరీక్షణ 40 అయితే కోర్లు పెంచడం చాలాసార్లు ఎదురు తిరుగుతుంది. వరుసలో నిలబడే థ్రెడ్లు పెరుగుతాయి, కానీ హోస్ట్‌లో సీపీయూలు పెరగవు. పైగా ఒక వీసీపీయూ లాక్ పట్టుకుని ఉన్న క్షణంలో హోస్ట్ దాన్ని పక్కన పెడితే, మిగతా వీసీపీయూలు ఆ లాక్ కోసం ఊరికే తిరుగుతూ, ఉన్న కాస్త సీపీయూను కూడా తినేస్తాయి. అక్కడ కావాల్సింది వీఎంను ఇంకో హోస్ట్‌కు మార్చడం, లేదా పొరుగు వీఎంల సంగతి చూడటం.

వీఎంలను నడిపే మరో వేదిక వీఎంవేర్ వైపు ఇదే అంకెకు సీపీయూ రెడీ అని పేరు. అక్కడ పెర్ఫార్మెన్స్ మేనేజర్ అనే భాగాన్ని క్వెరీపెర్ఫ్‌తో అడగాలి. మీటరు పద్ధతి కాదు, ఆ వ్యవధిలో ఎన్ని మిల్లీసెకన్లు వేచి ఉందో నేరుగా ఇస్తుంది. రియల్‌టైమ్ రీడింగు వ్యవధి 20 సెకన్లు. కాబట్టి విలువ 1,000 వస్తే 20,000తో భాగించి 5 శాతం. ఆ రీడింగులు గంటసేపే ఉంటాయి, తర్వాత 5 నిమిషాల వ్యవధిలోకి కుదించుకుపోతాయి. పాత గ్రాఫులోంచి తీసిన విలువను కూడా అలవాటుగా 20,000తో భాగించేవాళ్లు చాలామంది. అప్పుడు 3,00,000తో భాగించాలి. పదిహేను రెట్ల తప్పు ఇలాగే పుడుతుంది. వీఎం మొత్తానికి వచ్చే రెడీ విలువ అన్ని వీసీపీయూలదీ కలిపినది, దాన్ని వీసీపీయూల సంఖ్యతోనూ భాగించాలి. సీపీయూ వాడకం విలువ శాతంలో నూరో వంతుల్లో వస్తుంది, 7,523 అంటే 75.23 శాతం. ఇంకొక జాగ్రత్త, కౌంటర్ల ఐడీ నంబర్లను స్క్రిప్టులో రాసి పెట్టకూడదు. ఒక వీసెంటర్‌లో (వీఎంవేర్ నిర్వహణ సర్వర్‌లో) ఉన్న నంబరు ఇంకోదానిలో వేరే కౌంటర్‌ది కావచ్చు, పేరుతో వెతికి నంబరు తెచ్చుకోవాలి.

ఏ వేదిక అయినా సగటు మింగేసే సంగతులు ఉంటాయి. అయిదు నిమిషాల్లో ఒక వీఎం 30 సెకన్లు నూరు శాతం, మిగతా 270 సెకన్లు పది శాతం నడిచిందంటే సగటు 19 శాతం. ఆ 30 సెకన్లలో టికెట్ బుక్ చేసుకుంటున్న మనిషికి పేజీ తెరుచుకోలేదు, గ్రాఫు మాత్రం ప్రశాంతంగా ఉంది. అమెజాన్ క్లౌడ్‌వాచ్‌లో ఈసీ2 మెషిన్లకు మామూలుగా వచ్చేది 5 నిమిషాల వ్యవధే, ఒక నిమిషం కావాలంటే వివరమైన మానిటరింగ్‌ను విడిగా ఆన్ చేసుకోవాలి.

శాతం దేనిలో శాతం అన్నది కూడా చూసుకోవాలి. లిబ్‌వర్ట్‌లో ఒక వీఎంకు వీసీపీయూ కోటా పెట్టవచ్చు. పీరియడ్ 1,00,000 మైక్రోసెకన్లు, కోటా 50,000 అని పెడితే ఒక్కో వీసీపీయూకు సగం సీపీయూ కన్నా ఎక్కువ దొరకదు. అలాంటి వీఎం 50 శాతం దగ్గర ఉందంటే అది నిండిపోయినట్టే. కోటా విలువను కూడా అదే స్క్రిప్టు చదివి, భాగించేటప్పుడు లెక్కలోకి తీసుకోకపోతే ఆ వీఎం గురించి అలారం ఎప్పటికీ మోగదు.

చివరగా స్క్రిప్టు నడిచే తీరు. వందల వీఎంలను ఒక్కొక్కటిగా అడిగే లూప్ కన్నా ఒకే పిలుపులో అన్నిటినీ అడగడం మంచిది, రీడింగులన్నీ దాదాపు ఒకే క్షణానివి అవుతాయి. అయితే కొన్ని విలువల కోసం లిబ్‌వర్ట్ క్యూఈఎంయూ మానిటర్‌తో మాట్లాడాల్సి ఉంటుంది. ఒక్క వీఎం స్టోరేజీ దగ్గర ఇరుక్కుని బదులు పలకకపోతే మొత్తం పిలుపు అక్కడే ఆగిపోతుంది, బాగున్న మిగతా వీఎంల అంకెలు కూడా రావు. దీనికి నోవెయిట్ అనే ఫ్లాగ్ ఉంది. వెంటనే దొరకని వివరాల కోసం ఆగకుండా, దొరికినవాటితో పిలుపు తిరిగి వస్తుంది. సమస్య వచ్చిన రోజునే మానిటరింగ్ మూగబోకుండా ఉండాలంటే ఇది ముందే పెట్టుకోవాలి.

డేటాబేస్‌లో శాతాలు కాకుండా ముడి కౌంటర్లనే దాచుకోవాలి: చదివిన సమయం, సీపీయూ సమయం, ఒక్కో వీసీపీయూ టైమ్, డిలే, ఆ క్షణానికి వీసీపీయూల సంఖ్య, హోస్ట్ పేరు. వీసీపీయూలు మధ్యలో పెరిగినా, వీఎం ఇంకో హోస్ట్‌కు మారినా, భాగహారం తప్పు చేశామని ఆరు నెలల తర్వాత తెలిసినా, మళ్లీ లెక్కకట్టుకోవడానికి అప్పుడు రీడింగులు చేతిలో ఉంటాయి.